జేబులో వాము

రాత్రి రెండింటికి
మా నీలూ దగ్గుతోనే లేచి కూర్చుంది.
పూర్తిగా మెలకువ కాదు,
కళ్ళు మూసుకునే, ఒకవైపు ముక్కు బిగిసి
నోటితో ఊపిరి లాగుతూ.

మా ఇంట్లో దీనికి మూడు పేర్లు.
నేను సర్ది అంటాను.
తెనాలి పిల్ల వనమాల, నా భార్య, రొంప అంటుంది.
కింది వాటాలో మహెజబీన్ ఖాలా నజ్లా అంటుంది.
నాలుగేళ్ళ నీలూకి మూడూ వచ్చు,
ఎవరి చేతిలో బెల్లం ముక్క ఉంటే
వాళ్ళ మాటలో చెప్పుకుంటుంది.

వనమాలకి ఈ వారం నైట్ డ్యూటీ.
పిల్లల ఆసుపత్రి, ముప్పై ఒక్క మంచాల వార్డు.
ఈ వేళకి ఎవరి పిల్లలకో ఆవిరి పడుతుంటుంది.
నా చేతులకా, కుట్టుమిషన్ నూనె వాసన తప్ప
ఇంకో విద్య రాదు.

మా అవ్వ ఏం చేసేదో గుర్తు తెచ్చుకోబోయాను.
చేతులు గుర్తు రాలేదు, వాసన వచ్చింది.
దాని వెంటే వంటింట్లోకి పోయాను.
డబ్బా వెనక డబ్బా, దాని వెనక
మూత బిగుసుకున్న సీసాలో గుప్పెడు వాము.
మూకుట్లో గింజలు చిటపటమన్నాయి,
వారాసిగూడ రెండు గదుల్లో
మా అవ్వ తుమ్మినట్టయింది.

మెత్తటి గుడ్డ కావాలి.
వనమాల పాత డ్యూటీ కోటు దొరికింది.
జేబు కత్తిరించి, వాము పోసి, మూతి కుట్టేశాను.
నాలుగు కుట్లు.
ముందు నా చెంపకి ఆనించుకున్నాను. చురుక్కుమంది.
ఆగాను.
మళ్ళీ చెంపకి.
అప్పుడు దాని ఛాతీ మీద, చొక్కా పైనుంచి.

మూడోసారికి ఫోనెత్తింది, గుసగుసగా.
"కర్పూరం గానీ పెట్టావా?"
లేదు.
"పెట్టకు. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు తేనె ఇవ్వు.
మిగిలింది పై ఇంటి చంటాడికి నాకించేవు,
వాడికింకా ఏడాది నిండలేదు."
అంత పనిలోనూ పై ఇంటి చంటాడు!
"లైటు వెయ్యి. చొక్కా ఎత్తు.
డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయా చూడు.
గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఊపిర్లు లెక్కపెట్టు,
దగ్గేటప్పుడు కాదు, ఊరుకున్నాక.
నలభై దాటినా, డొక్కలు పీకినా ఆటో ఎక్కు,
ఇక్కడికే వచ్చెయ్."
ఫోన్లో ఆవల ఎవరి పిల్లో దగ్గింది.
మా పిల్ల జవాబిచ్చింది.

అంగుళానికి ఎన్ని కుట్లో
చూపుతోనే చెప్పగలను.
ఇది దారం కాదు.
పొట్ట లేస్తే ఒకటి. మళ్ళీ లేస్తే రెండు.
పదకొండు దగ్గర
సీతాఫల్‌మండి వైపు గూడ్సు బండి పోయింది,
కిటికీ ఊచలు వణికి లెక్క చెదిరింది.
మళ్ళీ ఒకటి.
ఇరవై ఎనిమిది.
నమ్మబుద్ధి కాక ఇంకోసారి.
ఇరవై తొమ్మిది.
డొక్కలు తమ మానాన తామున్నాయి.

తలుపు మీద వేలి చప్పుడు.
శాలువా కప్పుకుని ఖాలా,
మూత పెట్టిన స్టీలు గ్లాసు.
"జోషాందా. బచ్చీకి కాదు, నీకు.
దాని దగ్గు కంటే నీ అడుగులే
ఎక్కువ వినబడుతున్నయ్ కిందికి."
చేదంతా నిలబడే తాగాను.

ఎనిమిదిన్నరకి వనమాల వచ్చింది.
చెప్పులు గడప బయటే విడిచి
ఎవరినీ తాకకుండా నేరుగా స్నానానికి.
ఆమె మడి అది.
తడి జుట్టుతో వంగి
పిల్ల ఛాతీకి చెవి ఆనించింది.
సర్ది పోయిందా అంటే పోలేదు,
ముక్కు కారుతూనే ఉంది, ఇంకో నాలుగు రోజులుంటుందట.

పక్కలో చల్లారిన మూట చేతికి తగిలింది.
నాలుగు కుట్లు, జేబు మీద వెలిసిన తన పేరు.
ముక్కుకి దగ్గరగా పెట్టుకుని కళ్ళు మూసుకుంది.
అలాగే నిద్రపోయిందనుకున్నాను.

"మూకుడు మాడ్చిందెవరు?" అంది.